‘లైటర్’, ‘రైటర్’ ఒకటే అయిన చోట

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన సంచికలో ఏదో జవాబు మధ్యలో, రిటైరయ్యాక నేను కొరియా వాళ్లకి ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పుతున్నానని ఒక్క వాక్యం రాశాను. ఆ వాక్యం పట్టుకుని ఈసారి చాలా ఉత్తరాలొచ్చాయి. మన విశాఖలో ఇంతమంది ఇళ్లలో కూర్చుని ఈ పని చేస్తున్నారని నాకు తెలియదు. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి, ఈ నెల వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. ఎం.ఏ. ఇంగ్లిష్ చేశాను. రెండు నెలలుగా ఇంట్లోంచే కొరియా విద్యార్థులకి స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. బుసాన్‌లో ఉండే ఒకాయనకి నలభై దాటాయి. ‘రైస్’ అనమంటే ‘లైస్’ అంటారు, ‘లైట్’ అనమంటే ‘రైట్’లా వినిపిస్తుంది. నాలుక ఎక్కడ పెట్టాలో బొమ్మ గీసి చూపించాను. వందసార్లు అనిపించాను. క్లాసు అయ్యేసరికి బాగానే అంటారు, మర్నాడు మళ్లీ మొదటికే. ఆయనా విసిగిపోతున్నారు. నేనేం తప్పు చేస్తున్నాను?
— ఒక ట్యూటర్, మధురవాడ

జవాబు: అమ్మా, మీరు నోటి దగ్గర మొదలుపెట్టారు. ఆయన ఇబ్బంది చెవి దగ్గర ఉంది. నేనూ మొదట్లో ఇదే చేసి ఒక మంచి మనిషిని మూడు నెలలు కష్టపెట్టాను కాబట్టి, ఆ సంగతి ముందు చెబుతాను.

నా మొదటి కొరియా విద్యార్థి ఉల్సాన్‌లో ఓడలు కట్టే చోట ఇంజనీరు. మా నాన్నగారు ఇక్కడ షిప్‌యార్డులో ఫిట్టరుగా చేశారు, నేను గాంధీగ్రామ్ క్వార్టర్స్‌లో పెరిగాను, అందుకని ఆయనతో మాట కలవడానికి ఎంతోసేపు పట్టలేదు. మనకి సాయంత్రం నాలుగున్నర అయితే వాళ్లకి రాత్రి ఎనిమిది. డ్యూటీ దిగి, భోంచేసి, తల దువ్వుకుని మరీ కూర్చునేవారు. మూడు నెలలపాటు నేను ఆయన నాలుకతో కసరత్తు చేయించాను. ఒకరోజు ఎందుకో అనుమానం వచ్చి, చేత్తో నోరు కప్పుకుని ‘లాంగ్’, ‘రాంగ్’ అని కలగాపులగంగా ఇరవైసార్లు అన్నాను. ‘లాంగ్’ అని వినిపించినప్పుడు పెన్ను ఎత్తండి అన్నాను. ఇరవైలో పదకొండు సరిపోయాయి. బొమ్మా బొరుసూ వేసినా అన్నే వస్తాయి. అంటే ఈ మూడు నెలలూ ఆయన నా పెదాలు చూసి అనుకరించారే తప్ప, రెండు మాటలు వినలేదు. ఆయనకి వినబడింది ఒకటే మాట.

దీనికి కారణం వాళ్ల భాషలోనే ఉంది. మన ర, ల రెండిటి చోటా కొరియా లిపిలో ఒక్కటే అక్షరం. దాని పేరు రియుల్. ఆ పేరు ఒకసారి పైకి అనండి. మొదట ర, చివర ల వినిపిస్తున్నాయి కదా? వాళ్లు ఆ రెండు చోట్లా రాసేది అదే అక్షరం. అచ్చుల మధ్య వస్తే ర లాగా, మాట చివర వస్తే ల లాగా పలుకుతుంది. వాళ్ల రాజధాని పేరు చివర ల ఉంది, ‘సొవుల్’. ‘సొవుల్లో’ అని చెప్పడానికి ‘ఎ’ చేరిస్తే అది ‘సొవురె’ అవుతుంది. ల కాస్తా ర అయిందని అన్నవాళ్లకీ తెలియదు, విన్నవాళ్లకీ తెలియదు. సిగరెట్ ముట్టించే లైటర్‌నీ, కథలు రాసే రైటర్‌నీ వాళ్లు ఒకేలా రాస్తారు, ఒకేలా చదువుతారు.

ఇంత పెద్ద తేడా వినబడకపోవడమేమిటి అని మీకు అనిపించవచ్చు. ఇప్పుడు నేను ‘వైన్’ అని రాస్తున్నాను. ద్రాక్ష తీగ గురించి రాశానా, ద్రాక్ష సారా గురించి రాశానా? మీరు చెప్పలేరు. మన లిపిలో రెండిటికీ ఒకటే వ. ఇంగ్లిష్‌లో అవి వేర్వేరు మాటలు. తీగకైతే పై పళ్లు కింది పెదవిని తాకాలి, సారాకైతే పెదాలు సున్నాలా చుట్టాలి. ఎం.ఏ. చదివిన మీకూ, ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన నాకూ ఎవరైనా వేగంగా అంటే ఆ తేడా చేజారిపోతుంది. బుసాన్ ఆయన పరిస్థితీ ఇదే.

ఇది తెలివికి సంబంధించింది కాదు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు కెనడాలో పసిపిల్లల మీద చేసిన పరిశోధన 1984లో వచ్చింది. వాళ్లు తీసుకున్న శబ్దాల్లో హిందీలోని త, ట ఉన్నాయి. మనకి ‘పాత’, ‘పాట’ వేరని చెప్పేదేముంది! ఇంగ్లిష్ మాట్లాడే పెద్దవాళ్లకి మాత్రం అవి ఒకేలా వినిపిస్తాయి. కానీ అదే ఇళ్లలో ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడా పట్టేశారు. ఏడాది దగ్గరపడేసరికి ఆ పిల్లల్లోనే ఆ పట్టు సడలిపోయింది. పసి చెవి అన్నిటినీ వింటుంది. ఇంట్లో పనికొచ్చేవి ఉంచుకుని, మిగతావి వదిలేస్తుంది.

వదిలేసినదాన్ని మళ్లీ తెచ్చుకోవచ్చు. జపాన్ వాళ్లకీ ఈ ర, ల చిక్కే ఉంది. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో డేవిడ్ పిసోనీ, ఆయన సహచరులు జపనీయులకి ఇలాంటి జంట మాటలు పలువురి గొంతుల్లో వినిపించి, ఏది విన్నారో చెప్పించి, తప్పో ఒప్పో అక్కడికక్కడే చూపించారు. ఆ ఫలితాలు 1991లో ప్రచురించారు. మూడు వారాల సాధనతో వినికిడి మెరుగుపడింది. తర్వాత 1997లో వచ్చిన మరో పరిశోధన చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఉచ్చారణ గురించి ఒక్క పాఠమైనా చెప్పకుండా, కేవలం వినిపిస్తే, వాళ్ల ఉచ్చారణ కూడా బాగుపడింది.

అందుకని మీరు రేపటి నుంచి ఆయన చేత ఏమీ అనిపించకండి. రెండు వారాలు వినిపించండి. మీ ఒక్కరి గొంతు చాలదు. ఒకే గొంతు వింటే ఆయన మిమ్మల్ని నేర్చుకుంటారు, శబ్దాన్ని నేర్చుకోరు. న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలి పిల్లలిద్దరు, వాళ్ల పక్కింటి పెద్దాయన, లండన్‌లో నా పాత విద్యార్థినితో పనిచేసే నర్సు, ఇలా ఐదుగురి చేత నలభై జంటలు ఫోన్‌లో రికార్డు చేయించి తెప్పించుకున్నాను. రోజుకి ఇరవై నిమిషాలే. ఒక మాట వినిపిస్తాను, విద్యార్థి ఏది విన్నారో చెబుతారు, సరైనదేదో వెంటనే చూపిస్తాను. తప్పయితే అదే మాట ఇంకోసారి. మాట మధ్యలో వచ్చేవాటితో మొదలుపెట్టండి, అక్కడ వాళ్లకో ఆసరా ఉంది. ‘గ్లాస్’ని వాళ్లు రెండు రియుల్‌లతో ‘గుల్లాసు’ అన్నట్టు, ‘గ్రాస్’ని ఒక్కదానితో ‘గురాసు’ అన్నట్టు రాసుకుంటారు. మాట మొదట్లో వచ్చే లాంగ్, రాంగ్ వాళ్లకి అన్నిటికన్నా కష్టం. వాటిని తర్వాతకి ఉంచండి.

ఉల్సాన్ ఇంజనీరుగారికి ఆరు వారాలు పట్టింది. ఒక సాయంత్రం రికార్డింగ్ ఆపమని చెయ్యి ఎత్తారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, “మేడమ్, ఇవి రెండు” అన్నారు. అంతే అన్నారు. ఆ రోజు ఇరవైకి పదిహేడు వచ్చాయి.

చెవి తెరుచుకున్నాక నాలుకకి రండి. ల కోసం కొత్తగా ఏమీ నేర్పనక్కర్లేదు. వాళ్లు రోజుకి పదిసార్లు అనే మాట ‘పల్లీ పల్లీ’, అంటే త్వరగా త్వరగా అని. ఆ ‘ల్ల’ దగ్గర ఆగమనండి. నాలుక కొన పళ్ల వెనక అతుక్కుని ఉంటుంది. అక్కణ్నుంచే ‘లైట్’ మొదలుపెట్టమనండి. ర కోసం పెదాలు ‘ఉ’ అన్నట్టు చుట్టి, నాలుక దేనికీ తగలకుండా వెనక్కి లాగమనండి.

ఇక్కడ మీ గురించి ఒక మాట. మన ర అంటున్నప్పుడు నాలుక కొన పై చిగురుని ఒక్కసారి కొట్టి వస్తుంది. రియుల్ అచ్చుల మధ్య చేసేదీ అదే పని. మీరు తెలుగు ర తో ‘రైట్’ అంటే ఆయనకి తన రియులే వినిపిస్తుంది, మీరెంత గట్టిగా అన్నా సరే. ముందు మీ ర మార్చుకోండి. నాకు దానికే ఒక వేసవి పట్టింది.

ప్రశ్న: మేడమ్, నేను రాత్రిళ్లు ఫోన్‌లో కొరియా ఉద్యోగులకి ఇంగ్లిష్ చెబుతాను. వాళ్లు చేసే కొన్ని తప్పులు విచిత్రంగా ఉంటాయి. ‘గుడ్ మార్నింగ్’ని ‘గున్ మార్నింగ్’ అంటారు. ‘పాప్ మ్యూజిక్’ ‘పామ్ మ్యూజిక్’ అవుతుంది. ‘ఓన్లీ’ని ‘ఓల్లీ’ అంటారు. బాగా చదువుకున్నవాళ్లే. అజాగ్రత్త అనుకోవాలా?
— అక్కయ్యపాలెం నుంచి ఒక పాఠకుడు

జవాబు: అజాగ్రత్త ఎంతమాత్రం కాదు నాయనా. వాళ్లు సంధి చేస్తున్నారు. మీరు పదో తరగతిలో చదివిన సంధే. వాక్ + మయము వాఙ్మయము, జగత్ + నాథుడు జగన్నాథుడు. వర్గాక్షరం తర్వాత న గానీ మ గానీ వస్తే ముందున్నది ముక్కులోకి మారుతుంది. అనునాసిక సంధి. మనకి అది సంస్కృత పదాల్లో పుస్తకం నేర్పిన సూత్రం. కొరియా వాళ్లకి ఊపిరిలాంటిది, ఎక్కడా తప్పదు. కొరియా సీరియళ్లు చూసేవాళ్లందరికీ తెలిసిన ‘కమ్సహమ్నిదా’ (ధన్యవాదాలు)లో రాసేది ‘హప్’, పలికేది ‘హమ్’. ఇక ‘గుడ్ మార్నింగ్’ని వదిలిపెడతారా?

ఓల్లీ కూడా అంతే. వాళ్ల ప్రాచీన రాజ్యం ఒకటి ‘సిన్-రా’ అని రాస్తారు, ‘సిల్లా’ అని పలుకుతారు. న పక్కన రియుల్ వస్తే రెండూ కలిసి ల్ల. మన ఉత్ + లాసము ఉల్లాసము అయినట్టే.

నేను దీన్ని విద్యార్థికి విడమరిచి చెబుతాను. “మీ భాషలో ఒక నియమం ఉంది, చాలా అందమైన నియమం, మా వ్యాకరణంలోనూ ఉంది. ఇంగ్లిష్‌లో అది లేదు” అంటాను. తప్పు చేస్తున్నాననే సిగ్గు పోయి, తన నోరు చేస్తున్న పనిని ఆసక్తిగా గమనించడం మొదలుపెడతారు. తర్వాత ‘గుడ్’ అని ఆపి, మనసులో ఒకటి లెక్కపెట్టి ‘మార్నింగ్’ అనమంటాను. ఆ సందు రోజురోజుకీ తగ్గిస్తూ రావాలి.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ రేపోమాపో ఎదురవుతుంది. హల్లు మీద హల్లు వస్తే వాళ్లు మధ్యలో చిన్న అచ్చు దూరుస్తారు. ‘స్ట్రైక్’ ఇంగ్లిష్‌లో ఒక్క దెబ్బ, వాళ్ల నోట్లో ఐదు: స్-త్-రా-యి-క్, అచ్చు లేని ప్రతి హల్లుకీ ఓ చిన్న ‘ఉ’ తోక. మనం బస్సు, కారు, రోడ్డు అని చివర ఉ తగిలించుకున్నాం. మా అమ్మమ్మ ‘ఇస్కూలు’ అనేది. అందుకని దీన్ని మనకన్నా బాగా అర్థం చేసుకునేవాళ్లు లేరు. చప్పట్లు కొట్టించండి, మాట మొత్తానికి ఒక్క చప్పట. ఫోన్‌లో అయితే బల్ల మీద వేలితో కొట్టమనండి, మీకు వినిపిస్తుంది.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ హెడ్‌మాస్టర్ని. మా మనవరాలు కూడా కొరియా పిల్లలకి ఇంగ్లిష్ చెబుతోంది. మన ఇంగ్లిష్‌లోనే తెలుగు యాస కొట్టొచ్చినట్టు ఉంటుంది. మనం ఇంకొకరికి ఉచ్చారణ నేర్పడం న్యాయమేనా? పైగా అంత డబ్బు పెట్టి వాళ్లు ఇంత పట్టుదలగా నేర్చుకోవడమెందుకు?
— భీమిలి నుంచి ఒక పెద్దాయన

జవాబు: మాస్టారూ, ముందు రెండో దానికి. కొరియాలో నవంబరులో జరిగే విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష పిల్లల జీవితంలో చాలా పెద్దది. ఇంగ్లిష్ పేపరులో 45 ప్రశ్నలుంటే అందులో 17 విని రాయాల్సినవి. ఆ కాసేపూ దేశమంతటా విమానాలు ఎక్కకుండా, దిగకుండా ఆపేస్తారు, చప్పుడుకి పిల్లలకి వినబడదేమోనని. ఇక్కడ విమానాశ్రయం దగ్గర, ఎన్‌ఏడీ వైపు ఇళ్లలో విమానం నెత్తిమీదుగా వెళ్తుంటే పాఠం ఆపి కూర్చున్నవాళ్లకి ఆ జాగ్రత్త విలువ తెలుస్తుంది. చెవి మీద అంత బరువు పెట్టిన దేశంలో పిల్లలు నేర్చుకోక ఏం చేస్తారు!

ఇక న్యాయం సంగతి. యాస ఉండటం దోషం కాదని నా నమ్మకం. కొరియా ఇంజనీరు రేపు మాట్లాడబోయేది ఒక్క అమెరికావాడితోనే కాదు. చెన్నైవాడితో, మనీలావాడితో, దుబాయివాడితో మాట్లాడాలి. ఎదుటివాడికి అర్థమవడమే కావలసింది. కానీ ఏది తన భాష నుంచి వచ్చిందో, ఏది ఇంగ్లిష్‌దో టీచరుకి తెలిసి ఉండాలి. మనం ‘థింక్’లో పలికేది మన థ, ‘టేబుల్’లో పలికేది మన ట, ‘జూ పార్క్’లో పలికేది మన జ. ఆ జ సంగతి తెలియకుండా కొరియా పిల్లవాడికి ‘జూ’ నేర్పితే ఇద్దరూ కలిసి ఒకే తప్పు సాధన చేస్తారు. మీ మనవరాలిని గొంతు మీద వేళ్లు పెట్టుకుని ‘స్స్స్’ అని లాగుతూ, నాలుక కదపకుండా దానికి నాదం కలపమనండి. తుమ్మెద రొదలాంటి శబ్దం వస్తే అదే. ఆమెకి వచ్చాక పిల్లలకి నేర్పవచ్చు.

మన ప్రాంతం వాళ్లకి ఈ పని కొత్తేమీ కాదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర గిరిజనుల దగ్గర కూర్చుని, వాళ్ల మాట చెవితో పట్టి, రాయడానికి లిపి కూడా లేని ఆ భాషకి వ్యాకరణం రాశారు. అది 1931లో అచ్చయింది. ఆ మన్యంలో మలేరియా పట్టుకుంటే మింగిన క్వినైన్ ఆయన వినికిడినే తీసుకుపోయింది. ఇంకొకరి శబ్దాన్ని ఉన్నది ఉన్నట్టు వినాలని ఆయన పడిన తపనలో పదో వంతు ఉన్నా మీ మనవరాలు మంచి టీచరవుతుంది.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ చదువుతున్నాను. కొరియా సీరియళ్లంటే ఇష్టం. వాళ్లు ‘ఫైటింగ్’ని ‘పైటింగ్’ అని, కాఫీని ‘కొపి’ అని ఎందుకంటారు? ఇంటర్నెట్‌లో పరిచయమైన కొరియా అమ్మాయికి ఇంగ్లిష్ నేర్పాలనుంది, నేర్పగలనా?
— గాజువాక నుంచి ఒక విద్యార్థిని

జవాబు: వాళ్ల భాషలో పై పళ్లు కింది పెదవికి తగిలే శబ్దమే లేదమ్మా. అందుకని దగ్గర్లో ఉన్న ప వాడుకుంటారు. మీ ఇంట్లో పెద్దవాళ్లని గమనించు, ‘కాపీ తాగుతావా’ అనేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. కారణం అదే.

కొరియా లిపి మీద నీకు ఆసక్తి ఉంటే ఇది విను. సెజోంగ్ అనే రాజు 1443లో దాన్ని తయారుచేసి 1446లో ప్రజలకి ఇచ్చాడు. హల్లుల బొమ్మలు నోటిని చూసి గీసినవి. మ కి నలుచదరంగా నోరు, న కి పైకి లేచిన నాలుక కొన. మొదట 28 అక్షరాలు, ఇప్పుడు 24. పోయినవాటిలో ముక్కోణంలా ఉండే ఒకటి, ఇంగ్లిష్ ‘జూ’ మొదట్లో వినిపించే ఆ రొదకి దగ్గరి శబ్దానిది. ఒకప్పుడు వాళ్ల దగ్గర ఉండి పోయిన శబ్దాన్నే ఇప్పుడు వాళ్ల పిల్లలు ఇంత కష్టపడి నేర్చుకుంటున్నారని తలుచుకుంటే నాకు మనసు ఎలాగో అయిపోతుంది.

నేర్పగలవా అంటే, ఒక షరతు మీద. నువ్వూ ఆ అమ్మాయి దగ్గర నేర్చుకోవాలి. వాళ్లకి ప లాంటివి మూడున్నాయి. ఒకదానితో మొదలయ్యే ‘పుల్’ నిప్పు, ఇంకొకటి కొమ్ము, మూడోది గడ్డి. నేను మూడిటికీ ‘పుల్’ అనే రాయగలను, నీకూ మొదట్లో మూడూ ఒకటిగానే వినిపిస్తాయి. మన ప, ఫ, బ లతో అవి సరిపోలవు. ఆమె చేత ఆ మూడూ కలగాపులగంగా చెప్పించుకుని ఏది నిప్పో, ఏది గడ్డో పట్టుకోవడానికి ప్రయత్నించు. నువ్వు ఆమెకి వంటింటి ప్యాన్, గోడ మీది ఫ్యాన్ వినిపించు. ముఖం ముందు సన్నటి కాగితం ముక్క పెట్టుకోమను. ప్యాన్‌కి కాగితం ఒక్కసారి ఎగిరి పడుతుంది, ఫ్యాన్‌కి గాలి సన్నగా సాగుతూ వస్తుంది. పై పళ్లు కింది పెదవిని తాకుతున్నాయో లేదో అద్దంలో చూసుకోమను. రోజుకి ఇరవై మాటలు చాలు. నోట్‌బుక్‌లో గళ్లు గీసుకుని ఎన్ని సరిగ్గా పట్టారో రాయండి, ఆమెవి ఒక వరసలో, నీవి ఒక వరసలో. నెల తర్వాత ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపు.